గోదాము నిండింది... గూడెం ఎండింది

2020-21లో తెలంగాణ పల్లెల్లో ఎక్కడ చూసినా వడ్ల రాశులే. ఆ ఒక్క ఏడు వానకాలం, యాసంగి కలిపి సర్కారు కొన్న వడ్లు 141 లక్షల టన్నులు. గోదాములు చాలలేదు. గన్నీ సంచులు దొరకలేదు. మిల్లుల ముందు లారీలు రోజుల తరబడి నిలబడ్డాయి. మరుసటి ఏడు యాసంగి బియ్యం ఎవరు కొనాలని ఢిల్లీకీ హైదరాబాదుకూ పెద్ద పంచాయితీయే నడిచింది.

దానికి కొంచెం ముందే, 2019లో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు ఇదే రాష్ట్రంలో ఇల్లిల్లూ తిరిగారు. అయిదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నదని తేల్చారు. ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా అదే స్థితి. నాలుగేండ్ల కింద చేసిన సర్వేలో పిల్లల లెక్క 60 దగ్గర ఉండె. వడ్ల రాశి పెరిగింది. పిల్లల ఒంట్లో నెత్తురు మాత్రం పెరగలేదు.

ఇది రాష్ట్రం మొత్తం మీద తీసిన సగటు. సగటు లెక్కలో గూడెం కనబడదు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయి, గోదావరి గట్టు వెంట దుమ్ముగూడెం, చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్ అడవి మొదలవుతది. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా బతుకుతున్న నేల అది. ఆహార భద్రత గురించి మాట్లాడే వాళ్లు ముందు అక్కడికి పోయి చూడాలి. కరువు వచ్చినా, వరద వచ్చినా, ధర పడిపోయినా, కొత్త ప్రాజెక్టు వచ్చినా మొదటి దెబ్బ తగిలేది అక్కడి పొయ్యికే.

అక్కడి కరువు రాయలసీమ కరువు లాంటిది కాదు, పాలమూరు కరువు లాంటిది కూడా కాదు. ఈ జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతది. కాగితం మీద చూస్తే కరువు అనే మాటే రాదు. వాన పడే తీరులోనే ఉంది చిక్కంతా. 2023 సంగతి గుర్తు చేసుకోండి. జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 53 అడుగుల మూడో హెచ్చరిక దాటి పారింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి లెక్కలు రాస్తున్న కాలంలో దేశంలోకెల్లా ఎండిన ఆగస్టు అయింది. అంటే ఒక నెల విత్తనం కొట్టుకపోయింది, మరో నెల మిగిలిన మొలక మాడింది. రెండు నెలల సగటు తీస్తే వాన బాగానే పడ్డట్టు. కాలం కాలేదని కోయ రైతు అంటడు, కాలం బాగానే ఉన్నదని వానలెక్క అంటది.

కాలం కాని ఏడు అడవి జనం ఎట్లా గట్టెక్కేవారు? ఈ ప్రశ్న మన విశ్వవిద్యాలయాల్లో ఎవరూ గట్టిగా అడగరు. పోడు చేలో ఒక్క పంటే వేసేవారు కాదు. జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర, నువ్వు కలిపి చల్లేవారు. ఒకటి వర్షాల్లోనే చేతికొస్తే ఇంకొకటి చలికాలం దాకా నిలిచేది. ఒకటి పోతే ఇంకొకటి దక్కేది. అన్నీ పోయిన ఏడు అడవి ఉండేది. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో తెల్లవారకముందే ఆడవాళ్లు ఇప్పచెట్ల కిందికి పోయి రాలిన పువ్వు ఏరుకొచ్చి ఎండబెట్టి దాచేవారు. అది ఉడకబెట్టుకుంటే బువ్వ, గింజ పిండితే నూనె. చేదు దుంపలను ముక్కలు కోసి పారే వాగులో నానేసి, విషం పోయినాక వండుకునేవారు. మామిడి టెంకలు పగలగొట్టి లోపలి జీడిని నానబెట్టి, ఎండబెట్టి, దంచి అంబలి కాచేవారు. కొండరెడ్లు జీలుగు చెట్టు కొట్టి దాని లోపలి బెండును పిండి చేసుకునేవారు. వెదురు కొమ్ములు, ఆకుకూరలు, వాగు చేపలు సరేసరి.

ఇదంతా స్వర్గమని మేం చెప్పడం లేదు. పట్నంలో కూర్చొని అడవి తిండిని పొగిడే వాళ్లంటే మాకు పెద్ద గౌరవం లేదు. మామిడి టెంక జీడి ఎవడూ ఇష్టపడి తినే తిండి కాదు, వేరే దారి లేక తినేది. ఆషాఢం, శ్రావణం వచ్చిందంటే ఆ రోజుల్లోనూ ఆకలే. గింజ అయిపోయి షావుకారు దగ్గర నాగు తెచ్చి, పంట రాగానే ఒకటికి ఒకటిన్నర, రెండు కొలిచి ఇచ్చిన బతుకులే. హైమన్‌డార్ఫ్ 1940లలో పాపికొండల్లో తిరిగి కొండరెడ్ల మీద పుస్తకం రాసినప్పుడే వెదురు, కలప కాంట్రాక్టర్ల అప్పుల్లో వాళ్లు ఎట్లా చిక్కుకున్నారో నమోదు చేశాడు. అయితే ఒక్క మాట. ఆ ఆకలికి ఒక అడ్డుకట్ట ఉండేది. కాలం కాని ఏడు మనిషిని చావనియ్యని అడ్డుకట్ట అది. దాన్ని ఒక్కో రాయీ తీసేసింది ఎవరు?

మొదటి రాయి తీసింది అడవి చట్టం. అడవి సర్కారుది, నువ్వు దొంగవు అన్నది. తునికాకు వ్యాపారాన్ని 1971 చట్టంతో సర్కారే చేతిలోకి తీసుకుంది. కట్టకు నాలుగు పైసలు పెంచమని అడగడానికి ఎన్ని పోరాటాలు జరిగాయో ఈ జిల్లాలో ముసలివాళ్లను అడిగితే చెబుతారు. 1970లలో సారపాకలో కాగితపు మిల్లు వచ్చింది. దాని వెంటే జామాయిలు, సుబాబుల్ తోటలు వచ్చాయి. జామాయిలు కింద దుంప మొలవదు, ఇప్పపువ్వు రాలదు. చేలల్లో కూడా జొన్న పోయి జామాయిలు లేచింది. గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దని 1/70 చట్టం ఉండగానే గోదావరి ఒడ్డున మంచి నల్లరేగడి మిరపతోటలకు, పొగాకుకు కౌలు పేరిట, బినామీ పేరిట చేతులు మారింది. 

ఆ తర్వాత పత్తి. ఇప్పుడు పోడు చేలల్లో జొన్న కంటే పత్తే ఎక్కువ కనబడుతది. దీనికి కోయ రైతును తప్పుబట్టే ఉపన్యాసాలు మనం చాలా విన్నాం. ఆయనకేం తెలివి లేదా? జొన్న వేస్తే చిలుకలు, అడవి పందులు తింటాయి. మిగిలింది కొనేవాడు లేడు. పత్తి వేస్తే దుకాణదారు విత్తనం, మందు, అప్పు అన్నీ ఇస్తాడు. బిడ్డ జ్వరానికి, చదువుకు పైసలు కావాలె, పైసలు ఇచ్చేది పత్తే. కానీ కాలం కాని ఏడు పత్తి చేనుకు, జొన్న చేనుకు ఒక తేడా ఉంది. జొన్న సగం పండితే సగం కడుపన్నా నిండుతది. పత్తి సగం పండితే అప్పు మొత్తం మిగులుతది. కాలం బాగా అయినా భద్రం లేదు. 2017 ఏప్రిల్‌లో ఖమ్మం మార్కెట్ యార్డులో జరిగింది గుర్తుందా? మిర్చి విరగపండింది, ధర కుప్పకూలింది, కడుపు మండిన రైతులు యార్డు ఆఫీసు పగలగొట్టారు. ఆ కేసులో రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చారు. పంట పోయినా శిక్ష, పండినా శిక్ష అంటే ఇదే.

ఇక అసలు రాయి. పోలవరం.

1981లో శంకుస్థాపన చేసి పక్కన పడేసిన ప్రాజెక్టును 2004 తర్వాత దుమ్ము దులిపి లేపారు. ఏడు లక్షల ఎకరాలకు నీళ్లన్నారు, డెల్టా స్థిరీకరణ అన్నారు, దేశానికి అన్నపూర్ణ అన్నారు. అప్పటి లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ముంపు ఊళ్లు 276. అందులో 205 ఒక్క ఖమ్మం జిల్లావే. దేశం ఆహార భద్రత కోసమని చెప్పి ముంచుతున్నది ఎవరిని? తమ తిండి తాము పండించుకుని, తాము ఏరుకుని, దేశం గోదాము దిక్కు చెయ్యి చాపకుండా వందల ఏండ్లు బతికిన వాళ్లను. వాళ్లను నీళ్లల్లో ముంచి, ఇంకెక్కడో ఇంకొకరికి మూడో పంట పండించి, ఆ బియ్యంలోనే నాలుగు కిలోలు తెచ్చి వాళ్లకు రేషన్ ఇస్తే ఆహార భద్రత పెరిగిందని లెక్క రాస్తారు. ఆ లెక్కలో పుట్టు గింజ పోయి పెట్టు గింజ వచ్చిన సంగతి ఉండదు.

2007 జాతీయ పునరావాస విధానంలో ఒక పద్దు ఉంది. అడవి ఫలసాయం మీద ఆనవాయితీ హక్కు పోయిన గిరిజన కుటుంబానికి 500 రోజుల వ్యవసాయ కూలి ఒకేసారి ఇవ్వాలట. మరొక్కసారి చదవండి. తాత ఏరుకున్న ఇప్పచెట్టు కిందే మనవడు కూడా ఏరుకుంటాడు. దాని వెల 500 రోజులు. 501వ రోజు ఏం తినాలె? ఆ విధానం రాసిన అధికారుల్లో ఎవరన్నా తమ పింఛనుకు ఇదే లెక్క ఒప్పుకుంటారా? ఉద్యోగ మిత్రులు ఈ ప్రశ్నను నిదానంగా ఆలోచించాలని మనవి.

2014లో రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం రాకకు నాలుగు రోజుల ముందు, మే 29న, ఆర్డినెన్సు కూడా వచ్చింది. ఖమ్మం జిల్లా ఏడు మండలాల్లోని ముంపు ప్రాంతం అటు పోయింది. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, బూర్గంపాడులో కొంత, పట్టణం వదిలేసి మిగిలిన భద్రాచలం. జూలైలో పార్లమెంటు దానికి ముద్ర వేసింది. ఆ రోజు బంద్ చేశాం. ఆ తర్వాత? నిజం చెప్పుకుందాం. పదవుల పంపకాల్లో ఆ ఏడు మండలాలు ఎవరికీ గుర్తు లేవు. 1959లో తూర్పు గోదావరి నుంచి తెచ్చి ఖమ్మంలో కలిపిన భద్రాచలం, నూగూరు తాలూకాల జనాన్ని అప్పుడూ ఎవరూ అడగలేదు, 2014లోనూ ఎవరూ అడగలేదు. గీత మాత్రం రెండుసార్లూ వాళ్ల పొయ్యి మీద నుంచే గీశారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు చింతూరు, కూనవరం వాళ్లకు జిల్లా కేంద్రం పాడేరు అయింది. రేషన్ కార్డులో తప్పు దిద్దించుకోవాలంటే అప్పుడు కొండలన్నీ దాటాల్సి వచ్చేది.

ఆ ఏడే జూలై 16న గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. కరువు గురించి రాస్తూ వరద సంగతి ఎందుకని అడుగుతారేమో. వరద పోయినాక గుమ్మిలో గింజ బూజు పట్టింది, విత్తనం పోయింది, మళ్లీ వేసుకుందామంటే అదను దాటింది. ఆకలి దగ్గర వరదా కరువూ అక్కాచెల్లెళ్లే. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు భద్రాచలం పట్టణానికి కూతవేటు దూరంలో ఉండి కూడా వేరే రాష్ట్రం. ఆ అయిదింటినీ తిరిగి తెలంగాణలో కలపాలన్న డిమాండు వరద తర్వాత మళ్లీ గట్టిగా లేచి, ఎప్పటిలాగే చల్లబడింది.

ఇంకొక జనం ఉన్నారు. వాళ్ల పేరు ఏ రాష్ట్రం కాగితంలోనూ సరిగ్గా లేదు. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైనప్పుడు ఊళ్లు తగలబడితే ప్రాణాలు పట్టుకుని గోదావరి ఇవతలికి వచ్చిన గుత్తికోయలు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. కానీ వచ్చిన వాళ్లకు తిరిగి పోయే ఊరు లేదు, ఇక్కడ నిలిచే పట్టా లేదు. ఇక్కడ గిరిజనులుగా గుర్తింపు లేదు. మిరప కోతలకు మాత్రం వాళ్లు కావాలె. పిల్లాజెల్లాతో వచ్చి ఎండలో కాయ ఏరితే మన మార్కెట్ ఎర్రబడుతది. పోడు కొట్టుకుంటే గుడిసెలు పీకేస్తారు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారి ఈ పోడు గొడవలో హత్యకు గురయ్యాడు. ఆ హత్యను సమర్థించే మాటే లేదు. ఆయన కూడా ఉద్యోగం చేసుకునే మనిషే, ఆయనకూ కుటుంబం ఉన్నది. అయితే ఆకలితో ఉన్న మనిషికీ జీతం కోసం డ్యూటీ చేసే మనిషికీ అడవిలో ఎదురుబొదురు యుద్ధం పెట్టి తాము పట్నంలో చల్లగా కూర్చున్నది ఎవరన్నది కూడా అడగాలి కదా.

రేషన్ బియ్యం ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం పెట్టినప్పటి నుంచి అవి ఈ అడవిలో ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. దాన్ని తీసిపారేసే మాట మేం అనం. ఏళ్ల తరబడి కొత్త కార్డులు ఆగిపోయి 2025 జూలైలో మళ్లీ ఇచ్చారు. ఆ ఏడే ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం మొదలైంది. సంతోషమే. కానీ ఆరు కిలోలు కష్టం చేసే మనిషికి పదిహేను, ఇరవై రోజులకు మించి రావు. పైగా బియ్యం ఒక్కటే కడుపు నింపుతది, నెత్తురు నింపదు. జొన్న, కంది, ఇప్పనూనె తిన్న ఒంటికి వట్టి తెల్లబువ్వ మిగిలింది. పప్పు, నూనె కలిపి తొమ్మిది సరుకులతో 2013లో అమ్మహస్తం పెట్టారు, అది నిలువలేదు. భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం ఐటీడీఏల్లో ఇక్రిశాట్‌తో కలిసి గిరిపోషణ పేరుతో అంగన్‌వాడీల్లో జొన్న, చిరుధాన్యాల తిండి పెట్టారు. అంటే జొన్న విలువ సర్కారుకు తెలియక కాదు. చేలో జొన్నను చంపి, దాన్నే పొట్లం కట్టి అంగన్‌వాడీకి పంపే తెలివి మనది.

మన ఆశ్రమ పాఠశాలల్లో చదువుకున్న విద్యార్థులకు ఇంకో సంగతి వేరే చెప్పనక్కరలేదు. బడి తెరిచినన్నాళ్లూ మూడు పూటలా ఏదో ఒకటి పడుతది. ఏప్రిల్ చివర బడి మూస్తే పిల్లవాడు ఇంటికి పోతాడు. ఇంట్లో గింజ అడుగంటే కాలం అది. తునికాకుకో కూలికో తల్లితో పాటే పోతాడు. ఎండాకాలం సెలవులని మనం అనేది వాళ్ల ఇంట్లో పస్తుల నెలలు.

దేశంలో తిండి లేక ఇదంతా జరుగుతుందా? కాదని దేశమే రుజువు చేసింది. 2001 జూలైలో కేంద్రం గోదాముల్లో ఆరు కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలిగింది. ఆ ఆగస్టులోనే ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో ఆదివాసులు పాడైపోయిన మామిడి టెంకల అంబలి తాగి చనిపోయారు. ఆకలి చావులు కావు, విషాహారం అని అధికారులు వాదించారు. అంత బియ్యం ఉండగా మనిషి టెంక ఎందుకు తిన్నాడన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఆ ఏడే పీయూసీఎల్ వేసిన కేసులో నవంబరు 28న సుప్రీంకోర్టు, తిండి పథకాలు సర్కారు దయ కాదు, జనం హక్కు అని ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏడు 2002లో దేశమంతా కరువు. వాన 19 శాతం తగ్గింది, పంట 21 కోట్ల టన్నుల నుంచి పదిహేడున్నర కోట్లకు పడింది. అయినా గోదాము ఖాళీ కాలేదు. అమర్త్యసేన్ 1981లోనే చెప్పిన సంగతే ఇది. గింజ లేక కాదు, గింజ మీద హక్కు లేక మనిషి పస్తుంటాడు. 2023 జూలైలో ధరలకు భయపడి కేంద్రం తెల్లబియ్యం ఎగుమతి ఆపితే అమెరికాలో మనవాళ్లు సోనామసూరి సంచుల కోసం దుకాణాల ముందు వరుసలు కట్టారు. నాలుగు రోజులు టీవీలన్నీ అదే చూపించాయి. చర్ల అడవిలో వరుస కట్టే వాళ్లను చూపించే టీవీ ఏదీ లేదు.

2009 కూడా కరువు ఏడే. వాన 22 శాతం తగ్గింది. నవంబరులో కేసీఆర్‌ను అరెస్టు చేసి ఖమ్మం జైలుకు తెచ్చారు, అక్కడ మొదలైన దీక్షను దేశమంతా ఊపిరి బిగపట్టి చూసింది. గంటగంటకూ హెల్త్ బులెటిన్లు వచ్చాయి. ఆ ఆకలి రాష్ట్రాన్ని తెచ్చింది, దాని విలువను తగ్గించే పని మేం చెయ్యం. కానీ అదే జిల్లాలో, అదే చలికాలంలో, దీక్ష పూనకుండానే పస్తున్న గూడేలకు ఏ బులెటిన్ రాలేదు. 1969లో ఇదే పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికులకు కొలువులు కావాలని లేచిన ఉద్యమం మనది. ఆ స్థానికులలో కోయవాడు ఉన్నాడా లేడా?

వలస పాలకులు చేసింది చాలా రాశాం, ఇంకా రాస్తాం. మన పాలకులు చేసింది కూడా రాయాలి. 2015 తర్వాత హరితహారం మొక్కలు పోడు చేలల్లో దిగాయి, ఆడవాళ్లు అడ్డం పడుకున్నారు, కేసులయ్యాయి. 2023 జూన్ చివర్లో రాష్ట్రమంతటా లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు, అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. 2006 చట్టానికి అది పదిహేడేండ్ల ఆలస్యం. అయినా మంచి పనిని మంచి పని అనాలి. ఇప్పుడు ఆ పట్టా భూముల దిక్కు ఆయిల్‌పామ్ చూస్తోంది. అశ్వారావుపేట, దమ్మపేట ఇప్పటికే దాని రాజ్యం. నీళ్లున్న పెద్దరైతుకు అది లాభమే కావచ్చు. రెండెకరాల పోడు రైతు నాలుగేండ్లు గెల కోసం ఎదురుచూస్తూ ఏం తింటాడు?

కొర్ర, సామలకు కేంద్రం మద్దతు ధర అంటూ ప్రకటించదు. జొన్నకు 2024-25లో క్వింటాలుకు 3,371 రూపాయలు, వడ్లకు 2,300 ప్రకటించింది. కాగితం మీద జొన్నదే పైచేయి. కానీ వడ్లకు ఊరూరా కేంద్రం ఉంది, జొన్నకు అట్లా లేదు. కొననివాడు ఎంత ధర చెబితే ఏం లాభం? జీసీసీ 1956 నుంచి అడవి సరుకు కొంటోంది, గిరిజనులకు సరుకులు అమ్ముతోంది. అదే డిపోలో గూడెం పండించిన జొన్న, సామ, కంది కొని, అదే గూడేనికి రేషన్‌గా ఇస్తే లారీ కిరాయి కూడా కలిసొస్తది. ఇది ఎవరికీ తట్టని ఆలోచన కాదు, ఎవరికీ లాభం లేని ఆలోచన.

ఈ వానకాలం విత్తనాల పండుగకు ముందే జరగాల్సినవి కొన్ని ఉన్నాయి. పట్టా ఉన్నా లేకున్నా, ఏ రాష్ట్రం నుంచి వచ్చినా, అడవిలో పొయ్యి వెలిగించే ప్రతి కుటుంబానికీ కార్డు ఇవ్వాలి. భద్రాచలం ఐటీడీఏ పరిధిలో చిరుధాన్యాల విత్తనం డిపోల్లో ఉండాలి. బడి మూసే రెండు నెలలు కూడా పిల్లల తిండి గూడేనికే రావాలి. అయిదు పంచాయతీల మాట రెండు ప్రభుత్వాలూ కూర్చొని తేల్చాలి. ఖమ్మం, కొత్తగూడెం కాలేజీల విద్యార్థులు ఈ సెలవుల్లో తలా ఒక గూడెం పోయి, ఏ ఇంట్లో ఏ నెలకు గింజ అయిపోతోందో, ఏ ఇంటికి కార్డు లేదో రాసుకొని రండి. ఆ ప్రాంతంలో పనిచేసే టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు సాయం చేస్తారు. మీరు పంపినవి ఊరి పేరుతో సహా ఈ పత్రికలో వారం వారం అచ్చేస్తాం.